ప్రాసెసర్ చల్లగానే ఉంది, మరి స్పీడు ఎందుకు పడిపోతోంది?

చెన్నైలో కర్తరి ఎండలు మొదలయ్యాక మా బెంచి మీదికి ఏటా ఒకే రకం కేసులు వస్తాయి. చలికాలంలో చక్కగా నడిచిన కంప్యూటర్ మే నెలలో మొరాయిస్తుంది. ఈసారి ఉత్తరాలు కూడా చాలావరకు అవే. మా నాన్న నెల్లూరు నుంచి ఇక్కడికి వచ్చి రిచీ స్ట్రీట్‌లో టీవీలు బాగుచేసేవారు. ఏ సెట్టు వచ్చినా బొమ్మ సంగతి తర్వాత, ముందు పవర్ సెక్షన్ మీద మీటరు పెట్టేవారు. నేను మదర్‌బోర్డులు బాగుచేస్తున్నా నాకూ అదే అలవాటైంది. అందుకే ఈ నెల జవాబులు ప్రాసెసర్ గురించి తక్కువ, దానికి కరెంటు అందించే భాగం గురించి ఎక్కువ.

ప్ర: అక్కా, నేను వేళచ్చేరిలో ఉంటాను. వీడియో ఎడిటింగ్ నా పని. రైజెన్ 9 5900ఎక్స్ ప్రాసెసర్ కొని నా పాత బి450 మదర్‌బోర్డులోనే వేశాను. 240 ఎంఎం లిక్విడ్ కూలర్ పెట్టాను. అన్ని కోర్లూ 4.5 గిగాహెర్ట్జ్, 1.3 వోల్టులకి సెట్ చేశాను. డిసెంబరులో ఇబ్బంది లేదు. ఇప్పుడు రెండరింగ్ పెట్టిన పది నిమిషాలకి స్పీడు 0.55 గిగాహెర్ట్జ్‌కి పడిపోతోంది, కాసేపటికి లేస్తోంది, మళ్లీ పడుతోంది. ప్రాసెసర్ వేడి మాత్రం 82 డిగ్రీలు దాటడం లేదు. కొన్నచోట అడిగితే కూలర్ బాగానే ఉందన్నారు. ప్రాసెసర్ పోయిందా? చాలా టెన్షన్‌గా ఉంది.

జ: టెన్షన్ పడకు తమ్ముడూ, ప్రాసెసర్ పోలేదు. దాని వేడి హద్దు 90 డిగ్రీలు, నువ్వు ఇంకా ఇవతలే ఉన్నావు. అలసిపోయింది దాని పక్కనున్న వీఆర్ఎం, అంటే దానికి తగిన వోల్టేజీలో కరెంటు అందించే భాగం. ప్రాసెసర్ గూడుకి ఎడమవైపు, కొన్ని బోర్డుల్లో పైవైపు కూడా, బూడిదరంగు చదరపు చోక్‌లు వరసగా ఉంటాయి చూడు. వాటి పక్కన నల్లటి చిన్న చిప్పులు ఉంటాయి, వాటిని మేం ఫెట్లు అంటాం. ఈ ఫెట్లు, చోక్‌లు, కెపాసిటర్లు, వీటన్నిటినీ నడిపే ఒక కంట్రోలర్ చిప్పు కలిస్తే వీఆర్ఎం.

దాని పనేమిటో లెక్కతో చెబుతాను, ఎందుకంటే లెక్క చూస్తే తప్ప ఆ చిన్న చోటులో ఎంత భారం ఉందో అర్థం కాదు. ఎస్ఎంపీఎస్, అంటే క్యాబినెట్‌లోని పవర్ సప్లై పెట్టె, నుంచి బోర్డు పైమూలకి 8 పిన్ల కేబుల్ వస్తుంది. అందులో నాలుగు వైర్లు 12 వోల్టులవి, నాలుగు గ్రౌండువి. ప్రాసెసర్‌కి కావలసింది 1.3 వోల్టులే. నువ్వు పెట్టిన సెట్టింగులో అది 180 వాట్లు తీసుకుంటోందని అనుకుందాం. 12 వోల్టుల దగ్గర అది 15 ఆంపియర్లు. 1.3 వోల్టుల దగ్గర అదే పవర్ దాదాపు 140 ఆంపియర్లు అవుతుంది. ఇంట్లో ఏసీకి వేసే ఎంసీబీ సాధారణంగా 20 ఆంపియర్లు ఉంటుంది. దానికి ఏడింతల కరెంటు నీ బోర్డు మీద రెండు బొటనవేళ్లంత చోటులోంచి పోతోంది. ఆ ఫెట్లు సెకనుకి మూడు నాలుగు లక్షల సార్లు ఆన్, ఆఫ్ అవుతూ 12ని 1.3కి దించుతున్నాయి.

ఇంత కరెంటు ఒక్క జత ఫెట్ల వల్ల కాదు. అందుకే పనిని చాలా జతలకి పంచుతారు. ఒక్కో జతని దాని చోక్‌తో కలిపి ఫేజు అంటారు. కోయంబేడు మార్కెట్లో లారీ దించే హమాలీల్లాగా ఒకరి తర్వాత ఒకరు వంతు తీసుకుంటారు. తక్కువ ధర బి450 బోర్డుల్లో ప్రాసెసర్ కోర్లకి నాలుగు ఫేజులే ఉండడం మామూలు. నాలుగైతే ఒక్కోదాని మీద 35 ఆంపియర్లు. అదే ఎనిమిదైతే పదిహేడున్నర. ఇక్కడ గుర్తుపెట్టుకోవలసింది ఒకటుంది. కరెంటు ప్రవహించడం వల్ల పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలు. కాబట్టి అవే ఫెట్లు ఎనిమిది ఫేజుల్లో వాడితే ఒక్కోదాని వేడి నాలుగో వంతుకి, మొత్తం మీద సగానికి దిగుతుంది. పైగా వేడెక్కిన ఫెట్‌కి రెసిస్టెన్స్ పెరుగుతుంది, అది ఇంకాస్త వేడి పుట్టిస్తుంది. నీ బోర్డు వీఆర్ఎం నూటికి 88 పాళ్లు సామర్థ్యంతో పనిచేస్తోందనుకుంటే 180 వాట్లు ఇవ్వడానికి దాదాపు 25 వాట్లు తను వేడిగా వదులుతోంది. నా చేతిలో ఉన్న సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లదే. హీట్‌సింక్ లేని బోర్డు మీద అలాంటి ఐరన్ గంటసేపు ఆన్‌లో పెట్టినట్టు ఊహించుకో.

వేడి బోర్డు పెట్టుకున్న హద్దు దాటగానే, బోర్డును బట్టి అది 105 నుంచి 125 డిగ్రీల మధ్య ఎక్కడో ఉంటుంది, బోర్డు ప్రాసెసర్‌కి ‘ఆగు’ అని సిగ్నల్ పంపుతుంది. నీకు కనిపిస్తున్న 0.55 ఆ సిగ్నలే. స్పీడు పడగానే కరెంటు తగ్గుతుంది, ఫెట్లు చల్లారతాయి, మళ్లీ 4.5కి లేస్తుంది. ఆ ఎత్తుపల్లాలకి కారణం ఇదే.

డిసెంబరుకి, ఇప్పటికి తేడా మన ఊరి గాలిదే. గది 25 డిగ్రీల నుంచి 36కి పెరిగితే ఫెట్ల వేడి కూడా ఇంచుమించు అంతే పెరుగుతుంది. చలిదేశాల వాళ్లు 20 డిగ్రీల గదిలో చేసిన టెస్టు చూసి మనం బోర్డు కొంటే ఈ పదహారు డిగ్రీలు మన నెత్తిన పడతాయి. ఆ సంగతి షాపుల్లో ఎవరూ చెప్పకపోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

ఇంకో కారణం నీ లిక్విడ్ కూలర్. అది మంచి వస్తువే, కానీ ప్రాసెసర్ వేడిని గొట్టాల్లో దూరంగా తీసుకుపోతుంది. కొన్ని ప్రాసెసర్ల పెట్టెలో వచ్చే మామూలు ఫ్యాన్ బోర్డు మీదికి గాలి కొడుతూ, చుట్టూ ఉన్న ఫెట్లని కూడా చల్లబరుస్తుంది. లిక్విడ్ కూలర్ పెట్టాక ఆ గాలి లేదు. ప్రాసెసర్ చల్లబడింది, దానికి అన్నం పెట్టేది ఉడికిపోయింది.

నేను చెప్పింది నిజమో కాదో రూపాయి ఖర్చు లేకుండా తేల్చుకోవచ్చు. క్యాబినెట్ పక్క తలుపు తీసేసి, ఇంట్లో ఉన్న టేబుల్ ఫ్యాన్‌ని నేరుగా బోర్డు మీదికి తిప్పి, అదే రెండర్ అరగంట నడుపు. స్పీడు పడకపోతే తప్పు వీఆర్ఎం వేడిదే. హెచ్‌డబ్ల్యూఇన్ఫో ప్రోగ్రాంలో వీఆర్ఎం వేడి చూపించే బోర్డులు ఉన్నాయి, తక్కువ ధర వాటిలో చాలావాటికి ఆ సెన్సరే ఉండదు. కరోనా రోజుల్లో కొన్న నుదుటి థర్మామీటర్ గన్ దీనికి పనికిరాదు, అది ఒంటి వేడి వరకే కొలుస్తుంది. వేలు పెట్టి మాత్రం చూడకు, కాలుతుంది.

ఇక మందు. ముందు ఆ 4.5ని వదులు. 4.3 గిగాహెర్ట్జ్, 1.2 వోల్టులతో ప్రయత్నించు. ప్రాసెసర్ తినే పవర్ స్పీడుతో మామూలుగా, వోల్టేజీతో వర్గంగా పెరుగుతుంది కాబట్టి ఈ చిన్న తగ్గింపుతోనే పవర్‌లో దాదాపు అయిదో వంతు తగ్గుతుంది. రెండర్‌లో పోయేది నూటికి అయిదు పాళ్లలోపు వేగం. ఆ వోల్టేజీకి నీ ప్రాసెసర్ నిలబడకపోతే కొద్దికొద్దిగా పెంచుకో. నన్నడిగితే ఇంకా మంచి దారి ఆ చేతి సెట్టింగు మొత్తం తీసేయడం. కంపెనీ ఈ ప్రాసెసర్‌కి పెట్టిన హద్దు 142 వాట్లు. నువ్వు చేత్తో స్పీడు కట్టేసినప్పుడు ఆ హద్దు పనిచేయదు. దాన్ని తిరిగి పని చేయనిచ్చి, బోర్డు సెట్టింగులుండే బయోస్‌లో కర్వ్ ఆప్టిమైజర్ అనే సౌకర్యంతో వోల్టేజీ కొంచెం కొంచెంగా తగ్గించుకో. తక్కువ పవర్‌లోనే ఎక్కువ స్పీడు వస్తుంది. దానితోపాటు చిన్న 80 ఎంఎం ఫ్యాన్ ఒకటి కొని వీఆర్ఎం వైపు తిప్పి కట్టు. అంటించే అల్యూమినియం ముక్కలు అమ్ముతారు, అవి మాత్రం వద్దు. బోర్డు నిలువుగా ఉంటుంది. వేడికి జిగురు వదిలి ముక్క జారితే కిందున్న గ్రాఫిక్స్ కార్డు మీద పడి షార్ట్ అవుతుంది. అలా కాలిన కార్డులు నా బెంచి మీదికి వచ్చాయి.

ఖరీదైన బోర్డులకి ఈ బాధ ఉండదనుకోకు. 2017లో ఇంటెల్ ఎక్స్299 బోర్డులు వచ్చినప్పుడు డెర్8ఆవర్ పేరుతో ప్రసిద్ధుడైన జర్మన్ ఓవర్‌క్లాకర్ (ప్రాసెసర్లని కంపెనీ పెట్టిన స్పీడు మించి నడిపేవాడు) వాటి మీద గట్టిగా మాట్లాడాడు. వీఆర్ఎం మీది హీట్‌సింకులు వేడిని బయటికి వదల్లేకపోతున్నాయని, ఇంత కరెంటుకి ఒక్క 8 పిన్ల కేబుల్ చాలదని కొలిచి చూపించాడు. చూడ్డానికి అందంగా ఉన్న లోహపు దిమ్మ, గాలి తగిలే రెక్కలున్న హీట్‌సింక్ ఒకటి కాదు.

ప్ర: మేడమ్, నాది ఐ5 12600కె ప్రాసెసర్, జెడ్690 బోర్డు. షోళింగనల్లూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను, ఓవర్‌క్లాకింగ్ సరదా. బయోస్‌లో 1.30 వోల్టులు పెడితే లోడ్‌లో, అంటే గట్టి పని పడినప్పుడు, 1.19 చూపిస్తోంది. బోర్డు మోసం చేస్తోందా? ఎల్ఎల్‌సీని చివరి లెవెల్‌కి పెట్టేస్తే సరిపోతుందని స్నేహితురాలు అంటోంది. అలా పెడితే రెండర్ నడుస్తున్నంతసేపు బాగుండి, అయిపోయిన క్షణాన రీస్టార్ట్ అవుతోంది.

జ: బోర్డు మోసం చేయడం లేదమ్మా, చెప్పిన మాట వింటోంది. ఎల్ఎల్‌సీ అంటే లోడ్‌లైన్ క్యాలిబ్రేషన్, లోడ్‌లో వోల్టేజీ ఎంత వాలాలో సరిచేసే సెట్టింగు. కరెంటు పెరిగేకొద్దీ వోల్టేజీ కొంచెం వాలాలని ఇంటెల్ వాళ్లే నియమం పెట్టారు. ఆ వాలు 1.1 మిల్లీఓంలు అయితే, 100 ఆంపియర్లు పారినప్పుడు 0.11 వోల్టు దిగుతుంది. 1.30 లోంచి 0.11 తీసేస్తే 1.19. మీరు చూసిన అంకె సరిగ్గా అదే.

ఈ వాలు ఎందుకు పెట్టారో తెలిస్తే మీ రీస్టార్టుకి కారణం కూడా తెలుస్తుంది. చోక్ అనేది ఉరుకుతున్న ఎద్దుబండి లాంటిది, పగ్గం లాగిన చోటే ఆగదు. 100 ఆంపియర్లు తీసుకుంటున్న ప్రాసెసర్ రెండర్ అయిపోగానే ఒక్కసారిగా పదికి దిగుతుంది. చోక్‌లో ఉన్న కరెంటు మాత్రం ఇంకా వస్తూనే ఉంటుంది. అదంతా కెపాసిటర్లలోకి పోయి వోల్టేజీ పైకి ఎగుస్తుంది. లోడ్‌లో వోల్టేజీ ముందే కిందికి దిగి ఉంటే ఆ ఎగురుడు 1.30 దగ్గరే ఆగుతుంది. మీరు ఎల్ఎల్‌సీతో వాలు మొత్తం చదును చేసేస్తే 1.30 మీంచి ఎగురుతుంది, వెంటనే కిందికి కొట్టుకుంటుంది, రెండు మూడు సార్లు ఊగి గానీ కుదుటపడదు. కిందికి కొట్టుకున్న ఆ క్షణంలో ప్రాసెసర్‌కి చాలినంత వోల్టేజీ దొరక్కపోతే రీస్టార్ట్. సెకనుకి ఒకసారి అంకె చూపించే ప్రోగ్రాంలో ఇదేదీ కనపడదు, మైక్రోసెకన్లలో అయిపోతుంది. నేను నా సొంత బోర్డు మీద ప్రాసెసర్ వెనకున్న కెపాసిటర్ల దగ్గర, వోల్టేజీ మార్పుల్ని గీతగా చూపించే ఆసిలోస్కోప్ పెట్టి చూశాను. చివరి లెవెల్‌లో గీత దెబ్బ తగిలిన తీగలాగా వణికింది. ఆ రోజు నుంచి ఎవరి మిషన్‌కీ చివరి లెవెల్ పెట్టలేదు.

మీరు మధ్య లెవెల్ పెట్టండి. కొన్ని కంపెనీల బయోస్‌లో 1 అంటే బాగా చదును, కొన్నింట్లో పెద్ద అంకె చదును. పక్కనే చిన్న గ్రాఫు చూపిస్తారు, అంకెను కాకుండా ఆ గీతను చూసి ఎంచుకోండి. తర్వాత లోడ్‌లో ఎంత వోల్టేజీ ఉంటే మీ ప్రాసెసర్ నిలబడుతోందో దాన్నే లెక్కలోకి తీసుకోండి. బయోస్‌లో రాసే అంకె ఎంతైనా దానికోసమే. పరీక్ష కూడా ఒకే బరువుతో గంటసేపు నడిపితే చాలదు. రెండు నిమిషాలు లోడ్, అర నిమిషం ఖాళీ, మళ్లీ లోడ్, ఇలా చేయండి. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో డబ్ల్యూహెచ్ఈఏ పేరుతో 18 లేదా 19 నంబరు హార్డ్‌వేర్ ఎర్రర్లు కనిపిస్తే ఇంకా వోల్టేజీ చాలడం లేదని గానీ, స్పీడు ఎక్కువైందని గానీ అనుమానించాలి. కెర్నల్ పవర్ 41 ఒక్కటే ఉంటే అది మిషన్ సరిగా షట్‌డౌన్ కాలేదని మాత్రమే చెబుతుంది, కారణం చెప్పదు. చాలామంది ఆ 41ని చూసి కొత్త ఎస్ఎంపీఎస్ కొనేస్తున్నారు.

ప్ర: పెట్టె మీద 16+1 ఫేజులని రాశారు, ధర తక్కువ. ఇంకోదాని మీద 8+1, ధర ఎక్కువ. పదహారే మంచిదా?
(ఒక పాఠకుడు, టి. నగర్)

జ: అంకెని బట్టి చెప్పలేం. ప్లస్ ముందున్నది ప్రాసెసర్ కోర్ల ఫేజులు, తర్వాతిది ప్రాసెసర్‌లో మిగతా భాగాలకి. కంట్రోలర్ చిప్పు ఎనిమిది సిగ్నళ్లే ఇస్తే, ఒక్కో సిగ్నల్‌ని డబ్లర్‌తో రెండుగా చీల్చినా, రెండు ఫెట్ల జతలని పక్కపక్కన కలిపి నడిపినా పెట్టె మీద పదహారు రాస్తారు. అది తప్పని కూడా అనను, వేడి పంచుకోవడానికి అదీ ఉపయోగమే. కానీ 90 ఆంపియర్ల స్మార్ట్ పవర్ స్టేజీలు (ఫెట్ల జతని, దాన్ని నడిపే భాగాన్ని ఒకే చిప్పులో పెట్టినవి) ఎనిమిది ఉన్న బోర్డు, మామూలు ఫెట్లు పదహారు జతలున్న బోర్డు కంటే చల్లగా నడవచ్చు. ఏ భాగం వాడారు, దాని మీద ఎలాంటి హీట్‌సింక్ ఉంది, అరగంట లోడ్ తర్వాత ఎన్ని డిగ్రీలు వచ్చింది. ఈ మూడూ చెప్పే రివ్యూ చదివి కొనండి.

ప్ర: అక్కా, నా ఐ9 13900కె ప్రాసెసర్‌ని నేను ఓవర్‌క్లాక్ చేయలేదు. బోర్డు చాలా ఖరీదైనది. అయినా గేమ్ తెరవగానే వీడియో మెమరీ చాలడం లేదని ఎర్రర్ వచ్చి మూసుకుపోతోంది. గ్రాఫిక్స్ కార్డు మార్చినా అంతే. వీఆర్ఎం లోపమా?

జ: లోపం కాదు తమ్ముడూ, ఇక్కడ వీఆర్ఎం బలమే నీకు ఎదురు తిరిగింది. ఈ ప్రాసెసర్‌కి ఇంటెల్ పెట్టిన టర్బో (అత్యధిక వేగంతో నడిచేటప్పటి) హద్దు 253 వాట్లు, కరెంటు హద్దు 307 ఆంపియర్లు. చాలా ఖరీదైన బోర్డులు బయోస్‌లో ఆ హద్దుల్ని తీసేసిన సెట్టింగులతోనే వచ్చాయి. బోర్డుకి ఇవ్వగలిగే శక్తి ఉంది, ప్రాసెసర్ అడిగినంతా పోసింది. నువ్వు ఏమీ ముట్టుకోకపోయినా నీ మిషన్ మొదటి రోజు నుంచి హద్దు దాటే నడిచింది.

దానికి తోడు ఈ 13, 14 తరాల ప్రాసెసర్లే కొన్ని సందర్భాల్లో కావలసినదానికంటే ఎక్కువ వోల్టేజీ అడుగుతున్నాయని 2024లో ఇంటెల్ ఒప్పుకుంది. దాన్ని అదుపు చేయడానికి ఆ ఏడాది ఆగస్టులో 0ఎక్స్129 అనే మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి ప్రోగ్రాం) అప్‌డేట్, సెప్టెంబరులో 0ఎక్స్12బి ఇచ్చింది. అవి కొత్త బయోస్‌తో కలిసి వస్తాయి. గ్రాఫిక్స్ కార్డు బాగానే ఉన్నా వీడియో మెమరీ చాలదనే ఎర్రర్ ఈ జబ్బుకి పేరుపడ్డ లక్షణం. బయోస్ అప్‌డేట్ చేసి, ఇంటెల్ డిఫాల్ట్ సెట్టింగ్స్ అనే ప్రొఫైల్ ఎంచుకో. అప్పటికీ అదే ఎర్రర్ వస్తే ప్రాసెసర్‌కి జరిగిన నష్టం జరిగిపోయింది. అప్‌డేట్ దాన్ని వెనక్కి తేలేదు. అలాంటప్పుడు ఊరికే కూర్చోకు. ఈ ప్రాసెసర్లకి ఇంటెల్ వారంటీని ఇంకో రెండేళ్లు పొడిగించింది. బిల్లు వెతికి పట్టుకుని మార్పిడికి పెట్టు.

ప్ర: అమ్మా, మాది పెరంబూరు. మా అబ్బాయి ఇంజినీరింగ్ రెండో ఏడు. ఐ5 13400ఎఫ్ ప్రాసెసర్‌కి 28 వేల మదర్‌బోర్డు కావాలని పట్టుబడుతున్నాడు. లేకపోతే కంప్యూటర్ కాలిపోతుందంటున్నాడు. వాళ్ల నాన్న పంపే డబ్బులోంచి సర్దాలి. నిజంగా అవసరమా? నాకు ఇవేవీ తెలియవు.

జ: అవసరం లేదమ్మా. ఆ ప్రాసెసర్‌ని ఓవర్‌క్లాక్ చేయడానికి కంపెనీయే తాళం వేసింది. ఈ తరం ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో ‘కె’ అక్షరం ఉన్నవాటికే ఆ వీలు ఉంటుంది. మీ వాడిది మామూలుగా 65 వాట్లు, బాగా శ్రమపడినప్పుడు 148 వాట్లు. అంత పని మధ్యరకం బి760 బోర్డు హాయిగా మోస్తుంది. మీ అబ్బాయి భయంలో మాత్రం అబద్ధం లేదు. అన్నిటికంటే చవక బోర్డు కొని, మే నెలలో గంటల తరబడి లోడ్ పెడితే పైన వేళచ్చేరి అబ్బాయికి జరిగిందే వాడికీ జరుగుతుంది. అందుకని వాడిని కోప్పడకండి, వాడికి తెలిసింది సగం సరైనదే.

మిగిలిన డబ్బులో మంచి ఎస్ఎంపీఎస్, ఒక యూపీఎస్ కొనమనండి. ఇంట్లో ఆ ప్లగ్గుకి ఎర్తింగ్ సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. బోర్డు కొనే రోజు మీరూ వాడితో షాపుకి వెళ్లండి. పెట్టె తెరిపించి, ప్రాసెసర్ కూర్చునే చదరపు గూడు పక్కన, చోక్‌ల వరస వెంబడి లోహపు హీట్‌సింక్ బిగించి ఉందో లేదో చూడండి. మరలతో బిగించి ఉండాలి. ఆ చోటు బోసిగా ఉంటే పెట్టె మూసి ఇచ్చేసి ఇంకొకటి చూపించమనండి.